మా నాన్న దిద్దిన ఫోను అర్జీ

ఇంట్లో ఫోను ఉండటం గొప్ప అనుకున్న రోజులు పోయి, "ఇంకా ఉంచారా?" అని జనం జాలిగా అడిగే రోజులు వచ్చిన కాలమది. అందరి జేబుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చేశాయి, నా జేబులోకి కూడా. నాకప్పుడు పాతికేళ్ళు. బాపట్లలో ఒక కాలేజీ ఆఫీసులో గుమాస్తాగా కొత్తగా చేరాను. పొద్దున్నే తెనాలిలో ప్యాసింజరు ఎక్కడం, సాయంత్రం మళ్ళీ ప్యాసింజరులోనే ఎవరి భుజం మీదో తూగుతూ తిరిగి రావడం. ఈ లోకంలో నాకంటే అలిసిపోయిన మనిషి లేడని గట్టిగా నమ్మేవాణ్ణి. (పాతికేళ్ళకి అలా నమ్మడానికి మంచి ఆరోగ్యం కావాలి.)

పగలంతా ఊరుకుని, నేను ఇంటికొచ్చి చొక్కా విప్పేలోపు ఫోను మోగేది. మాకు కాదు. మా పక్కింట్లో టైలర్ భాయి ఉండేవాడు. ఆ ఇంటి ముందుగదే దుకాణం. దాని బోర్డు మీద మా నంబరు రాయించుకుని, పక్కన 'పి.పి.' అని పెట్టించాడు. అంటే ఫోను పక్కింటిది, పిలిస్తే వస్తాను అని. మాకు ఫోను వచ్చిన కొత్తలో నాన్నే సంతోషంగా ఒప్పుకున్నారట. తర్వాత బోర్డు మీద భాయి పేరు వెలిసిపోయింది గానీ మా నంబరు మాత్రం చెక్కుచెదరలేదు. కొలకలూరు నుంచీ వడ్లమూడి నుంచీ "జాకెట్లు అయినాయాండి?" అని ఆడవాళ్ళు ఫోన్లు చేసేవారు. మొదట్లో వెళ్ళి భాయిని పిలిచేవాణ్ణి. పోను పోను ఓపిక లేక "హుక్కులు కుడుతున్నారమ్మా, రేపొచ్చేయండి" అని నేనే చెప్పేసేవాణ్ణి. (వాళ్ళు మర్నాడు వచ్చి కూర్చుంటే, పాపం భాయి అన్నం మానేసి మరీ హుక్కులు కుట్టేవాడు. ఎవరు చెప్పారో ఆయనకి చివరిదాకా తెలియలేదు.)

టైలర్ ఒక్కడితో పోతే బాగానే ఉండేది. మా చర్చి కబుర్లన్నీ కూడా మా ఫోనుకే. "స్త్రీల కూడిక బుధవారం కాదు నాయనా, గురువారం. కాస్త వీధిలో చెప్పెయ్" అనేవారు పాస్టరమ్మగారు. కాస్త అంటే పదకొండిళ్ళు. ఒకరింట్లో మజ్జిగ, ఒకరింట్లో మీ నాన్నగారెలా ఉన్నారు, ఇంకొకరింట్లో నీ పెళ్ళెప్పుడు. నాన్న హెడ్మాస్టారుగా రిటైరయ్యారు. ఆయనకి మోకాళ్ళ నొప్పులనీ, అంతటి మనిషి వీధులు పట్టుకు తిరగడం బాగుండదనీ ఆ పని నా నెత్తిన నేనే వేసుకున్నాను. వేసుకున్నవాణ్ణి ఊరుకున్నానా, రోజూ సణుక్కుంటూ మోశాను.

ఒక సాయంత్రం రేపల్లె నుంచి ఎవరో పెద్దావిడ ఫోను చేసి, తన పట్టు జాకెట్టు మెడ ఎంత లోతు ఉండాలో నాకు వివరంగా చెప్పింది. నేను టైలర్ని కానమ్మా అంటే, "పర్లేదు బాబూ, రాసుకో" అంది. రాసుకున్నాను. ఆ చీటీ భాయికి ఇచ్చి వచ్చి, ఫోను తీయించేద్దామని ఇంట్లో ప్రకటించాను.

"మీ నాన్ననడుగు, ఆయన పేరు మీదుంది" అంది అమ్మ, చిక్కుడుకాయలు వలుస్తూ.

నాన్న పేపరు మడిచి పక్కన పెట్టారు. "సరే, అర్జీ రాసి పట్రా. సంతకం పెడతాను" అన్నారు.

ఇంత సులువా అనుకున్నాను. మర్నాడే రైల్లో రాసి తెచ్చాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఎర్ర పెన్ను తీశారు. (ఉద్యోగం నుంచి ఆయన రిటైరయ్యారు, ఎర్ర పెన్ను కాలేదు.)

"ఫోను మాకు అవసరం లేదని రాశావు. అవసరం లేనిది రోజూ ఎందుకు మోగుతుంది? నా చేత అబద్ధానికి సంతకం పెట్టిస్తావా?"

"మరి ఏం రాయమంటారు?"

"ఉన్నది రాయి. అవసరం ఉంది, ఓపిక లేదు అని."

రెండోసారి 'ఇంట్లో సెల్‌ఫోను ఉన్నందున' అని రాశాను. "సెల్లు నీ జేబులో ఉంటుంది, నువ్వు బాపట్లలో ఉంటావు. ఇంట్లో ఎక్కడుంది?" అని గీత కొట్టారు. ఇలా రెండు వారాలు గడిచాయి. ఆఫీసులో రోజంతా కాగితాలు రాసి, ఇంటికొచ్చి ఇంకో కాగితం రాయడం. మధ్యలో ఫోను మోగితే లేవడం. నాలుగోసారి మొండికేసి 'నాకు తీరిక లేనందున' అని ఒక్క ముక్క రాసిచ్చాను. నాన్న దాన్ని చాలాసేపు చూశారు. లోపలికి తీసుకెళ్ళి, సంతకం పెట్టి, కవరులో పెట్టి, తనే జిగురుతో అంటించి తెచ్చి నా చేతికిచ్చారు.

మర్నాడు పూటసెలవు పెట్టి, ఫోనుని అమ్మ పాతచీర ముక్కలో చుట్టుకుని టెలిఫోను ఆఫీసుకి వెళ్ళాను. అక్కడ కూర్చున్న బట్టతలాయన కవరు చింపి చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"మీరు హెడ్మాస్టారి అబ్బాయాండి?"

"అవునండి."

కాగితం నా వైపు తిప్పారు. సంతకం కింద ఎర్ర సిరాతో పదికి నాలుగు మార్కులు, దాని కింద 'కారణం సరిపోలేదు' అని ఉంది. అలవాటు కొద్దీ రాశారో, కావాలనే రాశారో నాకు ఇప్పటికీ తెలియదు.

"ఏడో తరగతిలో నా సెలవు చీటీ మీద కూడా ఇదే రాశారండి" అన్నారాయన. "ఆ రోజు నేను ఇంటికెళ్ళలేదు."

"సంతకం ఉంది కదండీ."

"సంతకం పెట్టారండి, ఒప్పుకోలేదు. మా సార్ ఒప్పుకోని కాగితం నేనెట్లా తీసుకుంటాను? మీరు ఒకసారి ఇంట్లో మాట్లాడుకుని రండి. టీ తెప్పించనా?"

టీ తాగి, మూట చంకలో పెట్టుకుని నడిచి వచ్చాను. దారిలో దుకాణంలోంచి భాయి చూసి, "ఏంటి బాబూ, ఫోను పాడైందా?" అన్నాడు. ఆయన మొహంలో దిగులు చూస్తే నాకు సిగ్గేసింది. "బాగుచేయించానండి" అన్నాను.

నాన్న వరండాలోనే ఉన్నారు. "ఏమన్నారు?" అని అడిగారు.

"కారణం సరిపోలేదన్నారు" అని, తీగ తగిలించి, ఆయన ఎదురుగా కూలబడ్డాను. "మీకిష్టం లేదని ముందే చెప్పొచ్చు కదా నాన్నా."

"నువ్వు అలిసిపోయి వస్తుంటే వద్దని ఎట్లా చెప్పను? నీ కష్టం నిజమేగా." మోకాలు నిమురుకుంటూ అన్నారు: "బడి అయిపోయాక నాతో పనుండేది ఆ ఫోనుకే. మోగితే లేద్దామనుకునే లోపే నువ్వు లేస్తావు. మోకాళ్ళు నొప్పేగానీ, కూర్చుంటే ఇంకా నొప్పిరా."

ఆయన చేతిలో పని లాక్కుని, అది బరువుగా ఉందని అన్నాళ్ళూ ఏడ్చింది నేనే. అంతలో ఫోను మోగింది. అలవాటుగా లేవబోయి, కూర్చుండిపోయాను. నాన్న వెళ్ళి ఎత్తి, "ఉండండమ్మా, పిలుస్తాను" అని చెప్పి, చెప్పులేసుకుని గోడ పట్టుకుంటూ పక్కింటికి వెళ్ళారు. భాయి వచ్చి మాట్లాడి వెళ్ళిన ముప్పావుగంటకి గానీ నాన్న తిరిగి రాలేదు. అక్కడే టీ తాగి, వీధి కబుర్లన్నీ మోసుకొచ్చారు.

ఆ తర్వాత ఆ ఫోను మా ఇంట్లో ఇంకా ఎనిమిదేళ్ళుంది, ఆయన ఉన్నన్నాళ్ళూ. అన్నేళ్ళలో నేను ఎత్తింది నాలుగైదుసార్లకి మించదు. అప్పుడు కూడా ఆయన స్నానాల గదిలోంచి "ఎవరికిరా?" అని కేకేసేవారు. ఇప్పుడు నాకు నలభై దాటాయి, అలసట అంటే ఏంటో కాస్త నిజంగానే తెలిసొచ్చింది. సెల్‌ఫోను రోజంతా మోగుతుంది. అన్నీ నాకే. ఒక్కటైనా పక్కింటివాళ్ళకి వస్తే బాగుండును, లేచి వెళ్ళి పిలుచుకొద్దును.