కొవ్వుకు చోటు

మా అత్తమ్మ రక్తం పాలలా తెల్లగా ఉందని పరీక్షలు చేసినవాళ్ళు ఫోన్ చేసి చెప్పిన రోజు, ఇంట్లో కంగారుపడింది నేనొక్కదాన్నే. మామయ్య పేపరు దించకుండానే, "పాల మాదిరి ఉండాదంటే బలమే గదమ్మా" అన్నారు. నవ్వాలో కోప్పడాలో నాకు తోచలేదు.

ఆ ఇంట్లో అందరికీ ఒకటే బెంగ, అత్తమ్మ సన్నగా ఉందని. పెళ్ళినాటి నుంచీ ఆవిడ అంతేనట. చేతుల మీద నరాలు పైకి తేలి కనిపిస్తాయి, గాజులు మోచేతి దాకా జారతాయి. అలాంటి మనిషికి షుగరు. నేను కోడలిగా వచ్చేసరికే ఇంటి వైద్యం జోరుగా సాగుతోంది. ఎవరొచ్చినా ఆవిడ కంచంలో ఇంకో గరిటె నెయ్యి వేయడమే ఆ వైద్యం. హొసకోటె చుట్టాలు వస్తే సంచిలో నేతి సీసా తప్పదు. ప్రేమ కాబట్టి ఎవరూ వద్దనరు.

డాక్టరు వేరే మాట చెప్పాడు. అత్తమ్మ ఒంట్లో కొవ్వు దాచుకునే కణాలు సరిగ్గా తయారు కాలేదట. పుట్టుకతో వచ్చిన లోపం, చాలా అరుదు. తిన్న కొవ్వుకు చోటు దొరక్క రక్తంలో తిరుగుతోంది, కాలేయంలో పేరుకుంటోంది. ఇలాగే సాగితే ప్రమాదమని, నెయ్యి, నూనె బాగా తగ్గించమని అన్నాడు.

ఆటో ఎక్కగానే అత్తమ్మ నా వైపు తిరిగింది. "ఒంట్లో కొవ్వు లేదంటాడు, కొవ్వు ఎక్కువైందంటాడు. ఏది నమ్మేది? నువ్వు చదివింది ఇదే గదమ్మా."

నిజమే, నా ఉద్యోగమే అది. ల్యాబులో ఎలుక కణాలను పెంచి, అవి కొవ్వు కణాలుగా ఎలా మారతాయో చూస్తాను. మొదట సన్నగా సాగినట్టుండే కణాలు కొన్నాళ్ళకు గుండ్రబడతాయి, లోపల నూనె బొట్లు చేరతాయి. మారమని చెప్పేవీ, వద్దని ఆపేవీ కూడా కొవ్వులోంచి పుట్టిన అణువులే. కణం తన పొరలోని కొవ్వును కోసి వాటిని తయారుచేసి, పక్క కణానికి కబురు పంపుతుంది. ఇంతవరకు బాగానే ఉంది.

బుర్ర తిరిగేది ఆ తర్వాతే. అరాకిడోనిక్ ఆమ్లమని ఒకటుంది, ఆ కబుర్లకు ముడిసరుకు. మార్పు మొదలయ్యే రోజుల్లో పోస్తే నా కణాలు మారకుండా ఆగిపోయాయి. ఆలస్యంగా పోస్తే అలాంటి కణాలే నూనెతో నిండాయి. దాన్నుంచి పుట్టే ప్రోస్టాగ్లాండిన్లనే కబుర్లలో ఒకటి వద్దంటుంది, దాని తోబుట్టువు కానివ్వమంటుంది. నా చెయ్యి తప్పేమోనని మళ్ళీ చేశాను. మళ్ళీ అదే వచ్చింది. మా బాస్‌కు ఇది చాలా ఆసక్తికరమైన ఫలితం. ఇంటికెళ్ళి ఏం చెప్పాలన్నది నా సమస్య.

చెప్పక తప్పలేదు. అత్తమ్మ చిక్కుళ్ళు వలుస్తూ అంతా విని, "మరి ఆ కబురేదో నాకూ పంపితే పోలా? స్వల్పం సీసాలో పోసుకొని రా" అంది.

"అలా కుదరదు అత్తమ్మా. మీ కణాలకు కబురు అందడం లేదో, అందినా వినడం లేదో నాకు తెలియదు."

"నీకు తెలియకుంటే ఇంకెవరికి తెలుసు?"

"పూర్తిగా ఇంకా ఎవరికీ తెలియదు."

"ఎవరికీ తెలియని పనికి జీతం ఎట్లిస్తారప్పా" అంది ఆవిడ, చిక్కుడు ఈనె తీసి పారేస్తూ. నాకు ఉక్రోషం వచ్చింది, ఆవిడ మాటలో తప్పేమీ లేకపోవడం వల్ల ఇంకా ఎక్కువ వచ్చింది.

ఆదివారం అత్తమ్మ వెన్న కాచింది. మా ఇంట్లో నెయ్యి వంపేశాక ఆ గిన్నె వెంటనే కడగరు. అడుగంటిన మడ్డిలో, కాగేటప్పుడు వేసిన కరకరలాడే మునగాకులో వేడన్నం వేసి, ఉప్పు చల్లి, కలిపి అందరి చేతుల్లో తలో ముద్ద పెడుతుంది అత్తమ్మ. చివరి ముద్ద ఆవిడది. దానికోసమే వెన్న కాస్తుందని మామయ్య ఏడిపిస్తుంటారు.

ఆ రోజూ అందరికీ పెట్టింది. చివరి ముద్ద చేతిలో పట్టుకొని నన్ను పిలిచింది.

"సుమ్నే, ఊరికే ఇంత. తింటే ఏమైతాదో చెప్పు. డాక్టరు మాట వద్దు, నీ మాట చెప్పు."

ఒక్క ముద్దకు ఏమీ కాదని నాలుక చివరిదాకా వచ్చింది. ఇన్నేళ్ళుగా అందరూ వేసిన గరిటెలు గుర్తొచ్చాయి. అవీ ఒక్క గరిటేగా అనుకుంటూ వేసినవే. ఎక్కడ గీత గీయాలో నా చదువులో లేదు. నాకు భయం వేసింది.

"తెలియదు అత్తమ్మా. వద్దు."

ఆవిడ నా చెయ్యి లాగి ముద్ద అందులో పెట్టింది.

"బేజారు పడొద్దు. నీకు తెలిసేదాకా నా ముద్ద నువ్వు తిను."

ఆవిడ గిన్నె కడగడానికి వెళ్ళింది. నేను అక్కడే నిలబడి, అది ఇంకా వేడిగా ఉండగానే తిన్నాను.