మామ కారు, అత్త తలపిన్ను

ఆ రోజుల్లో, అంటే మరీ అంత పాతకాలమేమీ కాదు, ఫోన్లో ఇంటర్నెట్ చవకై మాలాంటి పనిలేని వాళ్లమంతా ఒక్కసారిగా పండితులమైపోయిన రోజుల్లో, కార్ల గురించి నాకు తెలియనిది ఒక్కటే ఉండేది. నడపడం. మిగతాదంతా కొట్టినపిండి. ఆటోమొబైలు డిప్లొమా చదివి, మూడు పరీక్షలు మిగుల్చుకొని, ఉద్యోగం వెతుకుతున్నానని ఇంట్లో చెప్పి, హోసూరులో మా మిద్దె మీద పడుకొని రోజంతా కార్ల వీడియోలు చూసేవాణ్ణి. అందులోనూ ఒక జర్మనీ కంపెనీ అంటే నాకు భక్తి. పేరు రాయను, రాయకపోయినా మీకు తెలుస్తుంది. ఏ ఊళ్లోనైనా ఫలానావాడు బాగా సంపాదించాడని చెప్పేటప్పుడు, ఇల్లు, తోట అయ్యాక గొంతు కొంచెం తగ్గించి చెబుతారే, ఆ పేరు. ప్రపంచంలో మొదటి మోటారుకారు చేసింది మావాళ్లేనని (అప్పట్లో 'మావాళ్లు' అనే అనేవాణ్ణి, వాళ్లకు ఆ సంగతి తెలియదు) దొరికినవాడినల్లా కూర్చోబెట్టి చెప్పేవాణ్ణి. ఏ ఇంజనుకు ఎన్ని గుర్రాల బలమో, వాళ్ల తలుపు వేస్తే డబ్బా చప్పుడు కాకుండా మెత్తగా 'ధుబ్' అని ఎందుకు వినిపిస్తుందో నాకు నోటికి వచ్చు. "ఇంత ఊరికే ప్రచారం చేస్తాడు, వాళ్లయినా వీడికి ఒక ఉద్యోగం ఇయ్యకూడదా" అని మా నాన్న అమ్మతో అనేవాడు.

అట్లాంటి నాకు దేవుడు తళి దగ్గర ఒక మామను, ఆ మామకు అదే కంపెనీ కారును ఇచ్చాడు. మామంటే మా అమ్మ తమ్ముడు. గ్రీన్‌హౌసుల్లో గులాబీలు, బయట చేలో కాలీఫ్లవర్ పండిస్తాడు. రోడ్డు పక్కన బీడుగా పడి ఉన్న ముక్క ఒకటి ఏదో ఫ్యాక్టరీవాళ్లు కొనుక్కుంటే, ఆ వారమే బెంగుళూరు పోయి, ఎవరో పెద్దాఫీసరు వాడి వదిలేసిన నల్లటి జర్మనీ కారుతో తిరిగొచ్చాడు. రావడమే అప్పటికి అది చేసిన ఆఖరి ప్రయాణం. ఇంటిపక్క రేకుల షెడ్డులో నిలబెట్టి, గ్రీన్‌హౌసుకు వాడగా మిగిలిన ప్లాస్టిక్ పట్టా కప్పేశాడు. శుక్రవారం శుక్రవారం కుంకుమబొట్టు, కర్పూరం, అయిదు నిమిషాలు ఇంజను తిప్పడం. లోపల కూర్చోవాలంటే చెప్పులు బయట విడవాలి. రోడ్డు మీదికి ఎందుకు తీయవు మామా అంటే, "రోడ్డంతా దుమ్ము కదప్పా, బండి ఏమైపోవాల?" అనేవాడు. తాను మాత్రం తళికి, హోసూరుకు పాత మోపెడ్ మీద, ముందు కాలీఫ్లవర్ మూట పెట్టుకొని, చూపుడువేలికి కారు తాళం తగిలించుకొని పోయేవాడు. టీకొట్లో ఆ తాళం బల్ల మీద పెట్టి, జనం చూస్తున్నారని రూఢి చేసుకొని, దాని బొత్తాం నొక్కేవాడు. "ఇప్పుడు ఆడ ఇంట్లో లైట్లు వేసి కన్ను గీటి ఉంటాది" అనేవాడు. కారేమో అక్కడికి నాలుగు మైళ్ల దూరంలో పట్టా కింద నిద్రపోతూ ఉండేది. రోజుకు ముప్పైసార్లయినా నొక్కేవాడు. ఆ బొత్తాం సంగతి గుర్తుపెట్టుకోండి.

ఇక మా అత్త గురించి చెప్పకపోతే కళ్లు పోతాయి. ఆ తోటను నిజంగా నడిపేది ఆమే. ట్రాక్టరు నడుపుతుంది, చెట్లకు పురుగుమందు కొడుతుంది, కూలికి వచ్చిన ఆడవాళ్లకంటే ముందు కత్తెర పట్టుకొని పూలలో దిగుతుంది. కారును మాత్రం మామ ఆమెను తాకనిచ్చేవాడు కాదు. "నీది ట్రాక్టరు చెయ్యి, ఇది సున్నితమైన బండి" అనేవాడు. నేను వారానికి రెండు రోజులు తళికి పోయేవాణ్ణి. పనికి సాయం అని పేరు, కారు పక్కన నిలబడి ఫోటోలు దిగడం నా పని. అత్త పూలను కట్టలు కట్టి అట్టముక్కలు చుడుతూ ఉంటే, ఎదురుగా కూర్చొని నా కంపెనీ చరిత్ర వినిపించేవాణ్ణి. గుర్రాల బలం లెక్కలప్పుడు ఆవలించేది గానీ, ఒక కథ దగ్గర మాత్రం ఆమె చేతులు ఆగిపోయాయి.

ఆ మొదటి కారును చేసిన పెద్దమనిషి, చేసి షెడ్డులో పెట్టుకొని, ఇంకా బాగుచేయాలి, ఇంకా బాగుచేయాలి అని కూర్చున్నాడట. జనమేమో ఈ దెయ్యపు బండి ఎవరికి కావాలి అని నవ్వారట. అప్పుడు ఆయన భార్య ఒక తెల్లవారుజామున, మొగుడు నిద్ర లేవకముందే, ఇద్దరు కొడుకులను ఎక్కించుకొని, ఆయనకు చెప్పకుండా ఆ కారులో పుట్టింటికి పోయింది. ప్రపంచంలో కారు మీద అంతదూరం పోయిన మొదటి మనిషి ఆమే. దారిలో నూనె అయిపోతే మందులషాపులో కొనింది. గొట్టం పూడుకుపోతే టోపీకి గుచ్చుకున్న పిన్ను తీసి పొడిచింది. సాయంత్రం చేరాక మొగుడికి తంతి, అంటే టెలిగ్రాం, ఇచ్చింది. ఆ తర్వాతే జనం ఆ బండిని నమ్మారు.

"చెప్పకుండానే పొయ్యిందా?" అంది అత్త.

"చెప్పకుండానే."

"పుట్టింటికా?" ఆమె ముఖంలో ఎప్పుడూ చూడని వెలుగు. "ఆయమ్మ పేరేమప్పా?"

నాకు ఆ పెద్దమనిషి పేరు తెలుసు, ఆయన తండ్రి చేసిన ఉద్యోగం తెలుసు, ఆ ఇంజను ఎన్ని చుట్లు తిరిగేదో తెలుసు. ఆమె పేరు చూసినట్టు గుర్తే లేదు. "పేరు అంత ముఖ్యం కాదత్తా, ఇంజను సంగతి విను" అన్నాను. ఆ మాట దాటెయ్యడానికి, తర్వాత ఒక వ్యాపారి తన కూతురి పేరు ఆ కార్లకు పెట్టించిన కథ ఎత్తుకున్నాను.

"కూతురి పేరు పెట్టినారు, కారు తోలిన పెండ్లాము పేరు పెట్టలేదా?" అని అత్త ఒక గులాబీ కాడను అవసరానికి మించి పొట్టిగా కత్తిరించింది.

ఆ ఏడాది పెళ్లిళ్ల కాలంలో అత్తకు ఒక అవకాశం వచ్చింది. అంతదాకా వాళ్ల పూలన్నీ దళారి చేతిమీదుగానే పోయేవి. కృష్ణగిరిలో పెళ్లిమండపాలు అలంకరించే ఒకావిడ మొదటిసారి నేరుగా అత్తకే ఫోను చేసి, నూరు కట్టల ఎర్రగులాబీలు, పొద్దున పది గంటలకల్లా మండపంలో ఉండాలంది. పూలు బాగుంటే ఇకమీదట అన్నీ నీ దగ్గరేనంది. లేకపోతే సంగతి ఆవిడ చెప్పలేదు, చెప్పక్కర్లేదు. అత్త రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. ఆ పొద్దున ఆరు గంటలకు నూరు కట్టలూ బకెట్లలో సిద్ధం. ఆరున్నరకు, పూలు తీసుకుపోవాల్సిన వ్యానువాడు ఫోను చేశాడు. జవళగిరి దగ్గర ఇరుసు విరిగిందట.

అత్త ఇంకో ముగ్గురికి ఫోన్లు చేసింది. పెళ్లిళ్ల కాలం, ఒక్క వ్యానూ ఖాళీ లేదు. ఫోను కొంగున ముడేసుకుంది.  మామ రాత్రంతా మేలుకొని తోటకు నీళ్లు వదిలి, అప్పుడే నడుం వాల్చి గురక పెడుతున్నాడు. అత్త తిన్నగా దేవుడి గూటి దగ్గరికి పోయి, దీపం వెలిగించి, కుంకుమభరిణె పక్కనున్న కారు తాళం తీసుకుంది.

"అత్తా, మామను అడగొద్దా?" అన్నాను.

"అడిగితే వద్దంటాడు. వద్దన్నాక తీసుకొనిపోతే మాట మీరినట్టు. అడక్కుండా తీసుకొనిపోతే ఏమి మాట మీరినట్టప్పా? ఆ జర్మనీ ఆయమ్మ అడిగిందా?"

చరిత్ర చెప్పేవాడు జాగ్రత్తగా చెప్పాలని నాకు ఆ క్షణంలో అర్థమైంది. అత్త పట్టా తీసి నాలుగు మడతలు పెట్టి గోడకు ఆనించింది. ఒకప్పుడు ఆఫీసరుగారు కూర్చున్న వెనక సీటు మీద దుప్పటి పరిచి గులాబీ కట్టలు వరసగా పేర్చాం. డిక్కీ నిండింది, కాళ్లు పెట్టుకునే చోటు నిండింది, నా ఒళ్లో పది కట్టలు. ఆమెకు లైసెన్సు ఉంది, పెళ్లికి ముందు వాళ్లన్న జీపు నడిపేదట. ఇందులో క్లచ్చు లేదని నేను శాస్త్రోక్తంగా వివరించేలోపే బండి గేటు దాటింది.

దేన్కనికోట దాకా అత్త ట్రాక్టరు నడిపినట్టే నడిపింది, రెండు చేతులతో స్టీరింగును గట్టిగా అదిమిపట్టి. ఆ తర్వాత ఆ బండి ఏమిటో ఆమెకు అర్థమైపోయింది. గుంతలు తెలియడం లేదు, బయట లారీ హారన్ పక్కింట్లో మోగినట్టు వినిపిస్తోంది, ఏసీలో గులాబీలు తోటలో ఉన్నట్టే ఉన్నాయి. "ఇంత మంచి గుణమున్న బండినా ఈయన పట్టా కప్పి పెట్టినాడు!" అని ఒకటే నొచ్చుకుంది. నేను ఆ మెత్తదనం వెనకున్న స్ప్రింగుల శాస్త్రం చెప్పబోయాను. చెప్పలేకపోయాను. ఎప్పుడూ బస్సు కుదుపులకు అలవాటుపడిన నా కడుపు ఆ ఉయ్యాలకు తట్టుకోలేదు. రాయకోట చేరేసరికి చేతులు అడ్డంగా ఊపి, దిగి, రోడ్డు పక్కన నా భక్తినంతా కక్కేశాను.

అత్త ఇంజను ఆపి నీళ్లసీసాతో దిగింది. నల్లటి కారు నిండా ఎర్రపూలు చూసి జనం మూగారు. ఎవరైనా తలుపు తీస్తారేమోనని ఆమె బొత్తాం నొక్కి తాళం వేసింది. నేను ముఖం కడుక్కొని వచ్చాక మళ్లీ నొక్కింది. కారు పలకలేదు. తిప్పి నొక్కింది, కారు దగ్గరికి పోయి నొక్కింది, మామ లాగా చెయ్యి పైకెత్తి నొక్కింది. చలనం లేదు. టీకొట్టు బల్లల మీద ముప్పై ముప్పై సార్లు కన్నుగీటించిన ఆ తాళంలోని బ్యాటరీ, మామ గొప్పలన్నీ మోసి మోసి, రాయకోటలో ప్రాణం విడిచింది. ఇందులో కంపెనీ తప్పేమీ లేదు. ఎనిమిదిన్నర దాటింది. ఎండ అద్దాల మీదికి ఎక్కుతోంది. లోపల నూరు కట్టలు.

"చదువుకున్నోడివి, ఏమన్నా చెయ్యప్పా" అంది అత్త. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

 ఎప్పుడో చూసిన వీడియో ఒకటి లీలగా గుర్తొచ్చింది. ఆ తాళం లోపల ఒక చిన్న ఇనుప తాళంచెవి దాచిపెట్టి ఉంటుంది. దాన్ని బయటికి తీసే పక్క నొక్కు సన్నగా ఉంది, గోరు దూరలేదు. నేను గోరు విరగ్గొట్టుకుంటూ ఉంటే, అత్త కొప్పులోంచి తలపిన్ను ఒకటి సర్రున లాగి, నా చేతిలోంచి తాళం గుంజుకొని ఒక్క పోటు పొడిచింది. తాళంచెవి బయటికి వచ్చింది. దాంతో తలుపు తీసీ తీయగానే కారు రాయకోట మొత్తం వినేలా కూతపెట్టింది. దొంగలు దొంగలు అని ఎవడో అరిచాడు. "నా మొగుని కారేరా!" అని అత్త దానికంటే గట్టిగా అరిచింది. అదే పిన్నుతో తాళం మూత కూడా లేపితే లోపల బిళ్ల బ్యాటరీ కనిపించింది. వాచీలు బాగుచేసే కొట్టు ఇంకా తెరవలేదు. ఎదురుగా తెరిచి ఉన్నది మందులషాపు ఒక్కటే. నేను పరుగెత్తాను.

"ఇది షుగరు చూసే మిషన్లో వేసేది కదా తమ్ముడూ, అంత కారుకు ఎట్ల సరిపోతుంది?" అని షాపాయన బిళ్లను వెనకా ముందూ తిప్పి చూశాడు. కొత్త బిళ్ల కొనుక్కొని బయటికి ఉరికాను. "అత్తా! మందులషాపు! పిన్ను! అంతా అట్లాగే జరుగుతోంది! ఆ రోజుల్లో జర్మనీలో కూడా..." అని రోడ్డు మధ్య నిలబడి అరిచాను.

"చరిత్ర తర్వాత చెప్దువు, ముందు బ్యాటరీ వెయ్యప్పా!"

వేశాను. కూత ఆగింది, ఇంజను లేచింది, ఏసీ చల్లగా కొట్టింది. పది గంటలకు ఏడు నిమిషాలు ఉండగా మండపం ముందు ఆగాం. అలంకరించే ఆవిడ ఒక కట్ట విప్పి, పువ్వును చెంపకు ఆనించుకొని చూసి, "ఏమమ్మా, ఫ్రిజ్జులో పెట్టి తెచ్చినావా?" అంది. అప్పుడు అత్త మెట్ల మీద కూర్చొని, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది. ఆ తంతి ముచ్చట కూడా తీర్చేద్దామని నేను మామకు, కృష్ణగిరి మండపానికి క్షేమంగా చేరామని ఫోన్లో మెసేజి పెట్టాను. అత్తకు ఆ కథ చెప్పడం మొదటి తప్పయితే, అది నేను చేసిన రెండో తప్పు.

పన్నెండు గంటలకు మోపెడ్ మీద మామ దిగాడు, దేన్కనికోట నుంచి కృష్ణగిరి దాకా ఉన్న దుమ్మంతా తానే మోసుకొని. షెడ్డు ఖాళీగా ఉండడం చూసి ముందు దొంగలే అనుకున్నాడట. పట్టా మడతపెట్టి ఉండడం చూశాక ఇది ఇంటిమనిషి పనేనని తెలిసిందట. కారు వెనక తలుపు తీశాడు. సీటంతా తడి, ఆకులు, ఎర్రటి రేకులు. నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే అలంకరించే ఆవిడ వచ్చి, "వచ్చే నెల ఇంకా మూడు పెళ్లిళ్లు ఉన్నాయి, ఈ బండిలోనే పంపిస్తారా?" అని అడిగింది.

"ఆయన్నే అడగండమ్మా, బండి ఆయనది" అంది అత్త.

మామ ఆవిడను చూశాడు. ఏడ్చి ఉబ్బిన అత్త ముఖం చూశాడు. చెప్పులు విడిచి సీట్లో కూర్చొని, ఒక రేకు తీసి వాసన చూశాడు. "ఏసీ ఎంతలో పెట్టినావు?" అన్నాడు చివరికి.

"పద్దెనిమిదిలో."

"పదహారులో పెట్టుండాల. గులాబీకి పదహారు" అని, తాళం కోసం చెయ్యి చాపాడు. అత్త ఇవ్వలేదు. మామ ఆ చెయ్యి కాసేపు గాలిలోనే ఉంచి, తర్వాత దానితోనే ముఖం మీది దుమ్ము తుడుచుకున్నాడు. అత్త నడుపుతుంటే ఆయన వెనక సీట్లో రేకుల మధ్య కాలు మీద కాలు వేసుకొని తళికి పోయాడు. మరి మోపెడ్ ఎవరు తేవాలి? ప్రపంచ కార్ల చరిత్ర ఎరిగిన పండితుడు, ఖాళీ కడుపుతో, ఆ నల్లకారు పొగ పీల్చుకుంటూ, డెబ్బై కిలోమీటర్లు దాన్ని తోలుకొచ్చాడు.

రెండేళ్లకు అత్త పూల కోసం సొంత చల్లవ్యాను కొనింది. వెనక ఏమి రాయాలని పెయింటరు అడిగితే, ఆమె నాకు ఫోను చేసింది. "ఆ జర్మనీ ఆయమ్మ పేరు ఇప్పుడన్నా కనుక్కున్నావా?" అంది. వెతికితే ఒక్క నిమిషం కూడా పట్టలేదు. ఆ ఒక్క నిమిషం అంతకుముందు నేను ఎన్నడూ ఖర్చుపెట్టలేదు, అంతే. పెయింటరు ఆ పేరును పైన తమిళంలో, కింద తెలుగులో రాసి, రెండు పక్కలా రెండు గులాబీలు వేశాడు. దేవతేమో అనుకొని పొద్దున పూట దండం పెట్టేవాళ్లు కూడా ఉన్నారట, అత్త వాళ్లను సరిదిద్దదు.

ఇప్పుడు నాకు ఉద్యోగం ఉంది, లైసెన్సు ఉంది, చిన్న కారొకటి ఉంది. గుర్రాల బలం లెక్కలు మరిచిపోయాను. అప్పుడప్పుడు రాయకోట రోడ్డు మీద అత్త వ్యాను నా పక్కనుంచి హారన్ కొట్టుకుంటూ దాటిపోతుంది. దాని వెనకున్న పేరు చదువుతూ కొంతదూరం నెమ్మదిగా పోతాను. అత్త పక్క సీట్లో అప్పటి నేను, ఇరవై ఒక్కేళ్లవాడొకడు, ఒళ్లో గులాబీ కట్టలు పెట్టుకొని, "పేరు అంత ముఖ్యం కాదత్తా, ఇంజను సంగతి విను" అంటున్నట్టే ఉంటుంది. పాపం, వాడికి అప్పటికే కడుపులో తిప్పుతూ ఉంటుంది.