నేను ఆగమన్న రెండు నెలలు

"బిడ్డా, మీ సార్ పోయిండు."

సోమవారం పొద్దున బోధన్ నుంచి అమ్మ ఫోన్. అమ్మంటే సాల్మన్ సార్ భార్య. హైదరాబాదు ఆసుపత్రిలో అప్పుడు నేనొక రోగిని రేడియేషన్ బల్ల మీద పడుకోబెడుతున్నాను. చేతులు పని చేస్తూనే ఉన్నాయి, మనసు ఆ మాట దగ్గరే కూలబడింది. గురువియోగం దుస్సహమంటారు. గురువును తన సలహాతోనే పోగొట్టుకున్న శిష్యురాలి దుఃఖాన్ని ఏమంటారో నాకు తెలియదు.

చెరకు పొలాల నడుమ ఉన్న మా బడిలో ముప్పై ఏళ్లు తెలుగు బోధించిన విద్వన్మూర్తి ఆయన. నేను కోటగిరి పసుపు రైతు కూతురిని. తరగతిలో "సూడు" అన్నానని అందరూ నవ్వితే సార్ మండిపడ్డారు. "ఇంట్ల సూడు అను, కాయిదం మీద చూడు అని రాయి. రెండూ నీయే. సిగ్గెందుకు బిడ్డా?" అన్నారు. ఈ రేడియేషన్ టెక్నీషియన్ ఉద్యోగానికి చదివించిందీ ఆయనే.

ఆదివారం చర్చిలో హార్మోనియం ఉన్నా ఎవరూ దాన్ని నమ్మేవారు కాదు. సార్ కళ్లు మూసుకుని "ఊఁ" అని శ్రుతి ఇస్తేనే కీర్తన మొదలయ్యేది. "గొంతు దేవుని కిరాయి ఇల్లు. ఖాళీ చేసేనాడు ఊడ్చి అప్పజెప్పాలె" అనేవారు.

ఆ ఇంట్లోకే కేన్సర్ చొరబడింది. నాలుక మొదట్లో పుండు. మా ఆసుపత్రి డాక్టరుగారు పాత పద్ధతిలో వచ్చే వారమే రేడియేషన్ మొదలుపెడదామన్నారు. అందులో కిరణాలు రెండు పక్కల నుంచి తిన్నగా వస్తాయి. పుండుతోపాటు చెవుల కింది లాలాజల గ్రంథులనూ కాలుస్తాయి. ఆపైన నోరు జన్మకి ఎండిపోవచ్చు. కొత్త పద్ధతిలో అనేక కోణాల నుంచి కిరణాల మోతాదు మార్చి, గ్రంథులను చాలావరకు తప్పించవచ్చు. జబ్బు నయం చేయడంలో రెంటికీ పెద్ద తేడా లేదు. కాని కొత్త యంత్రం కోసం వరుసలో రెండు నెలలు ఆగాలి.

"నా దగ్గర సదివినవు. ఇప్పుడు నేను నీ దగ్గర సదువుతున్న. చెప్పు బిడ్డా, ఏదైతే పాడుత?"

"కొత్తదే సార్. ఆగుదాం."

డాక్టరుగారు వద్దన్నారు. నేను వినలేదు. ఆయన పాట పోతుందన్న భయంలో ఆయన ప్రాణం సంగతే మరిచాను, అయ్యో! జబ్బుకు వరుస లేదని రోజూ చూసేదాన్ని నేను.

రెండు నెలల తరవాత ముఖం కదలకుండా పట్టే అచ్చుతొడుగు చేసి మళ్లీ స్కాన్ తీశాం. జబ్బు పాకింది, గడ్డలు మెడ రెండు పక్కలా గ్రంథులను అంటుకుని ఉన్నాయి. "ఇప్పుడు వీటిని తప్పిస్తే జబ్బునే వదిలేసినట్టు" అన్నారు డాక్టరుగారు. ఏ తడి కోసం ఆగామో ఆ తడీ దక్కలేదు. అదే మహత్తర యంత్రం, నా చేతుల మీదుగానే, ఆయన నోటిని ఎండగట్టింది. ఆలస్యమైనందున జబ్బూ లొంగలేదు.

 ఆ తరవాత సార్ చెరకు ముక్క నమలలేకపోయారు. మెత్తటి జొన్న గటక కూడా మింగలేకపోయారు. చర్చిలో నీళ్ల సీసా పట్టుకుని, మూసిన నోటితో పాటల పుస్తకం పేజీలు తిప్పుతూ నిలబడేవారు. ఒకనాడు నేను కాళ్ల మీద పడి ఏడిస్తే, ఎండిన నోట మాట తిరగక, పలక మీద రాసి చూపారు: "నా పాట మీద ఆశ పెట్టినవు. అది తప్పు గాదు." తిట్టి ఉంటే బతికేదాన్ని.

నిన్న బోధన్‌లో సమాధి దగ్గర పాస్టరుగారు పాడాల్సిన కీర్తన పేరు చెప్పారు. ఎవరూ ఎత్తుకోలేదు. ముప్పై ఏళ్ల అలవాటున అందరూ శ్రుతి కోసం ఆగారు. "ఎవలన్న ఎత్తుకోండ్రి" అంది అమ్మ.  ఆమె నా వైపు తిరిగింది. "నువ్వన్న పాడు బిడ్డా. నీ మాట మీదనే ఆగిండు గదా."

నోరు తెరిచాను. నాలుక అంగిటికి అంటుకుపోయింది. పాట లేకుండానే పెట్టె దించారు.