గెడ్డలో ఎర్రనీళ్లు, బకెట్టులో నల్లనీళ్లు

పదో తరగతి తప్పిన నాలాంటివాడు కూడా లైబ్రరీలో చదివి ప్రయోగం చేయవచ్చు. కానీ ముందు ఇంట్లోవాళ్లను ఒక మాట అడగాలి. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన రోజులు. అరకు దగ్గర మా రమణక్క నూలుకు రంగులు వేసే షెడ్డు నడిపేది. రంగు కడిగిన ఎర్రనీళ్లు పక్కన పారే గెడ్డవాగులో కలిసి పశువులు తాగడం మానేశాయని, షెడ్డు మూయిస్తామని ఊరివాళ్లు అన్నారు.

ఆకుల కషాయంలో ఇనుప లవణం కలిపితే కంటికి కనపడనంత చిన్న రేణువులు పుట్టి, నీళ్లలోని రంగును విరిచేస్తాయని లైబ్రరీలో ఒక పత్రికలో చదివాను. ఇక కాలు నిలవలేదు. పత్రిక చెప్పిన ఆకులు దొరికేదాకా ఆగలేక, షెడ్డులో ఉన్న కరక్కాయలు మరిగించి, అన్నభేది అనే ఇనుప లవణం కలిపి, అందరి ముందూ ఎర్రనీళ్ల బకెట్టులో పోశాను.

నీళ్లు కాటుకలా నల్లబడ్డాయి.

"ఏటి సేత్తన్నావురా? నేను నల్లనూలుకి ఏసే రంగదే కదరా!" అని అక్క తల పట్టుకుంది.

"ఎరుపైతే పోనాదిలే!" అన్నాడు ఊరిపెద్ద సోమన్న. అందరూ పకపకా నవ్వారు. అయినా సోమన్న ఇంకొన్నాళ్లు గడువిచ్చాడు.

అక్క విసుగ్గా, నూతిలో బురదనీళ్లకు వేసినట్టే గుప్పెడు సున్నం వేసింది. మర్నాటికి నలుపంతా అడుక్కి దిగి, పైన నీళ్లు తేరాయి. అది రేణువుల పనో, సున్నం పనో నాకిప్పటికీ తెలియదు. అడుగు మడ్డికి గొయ్యి తవ్వాం. ఆ తర్వాత రంగునీళ్లు అలా తేర్చాకే గెడ్డలోకి వదిలాం; షెడ్డు నిలిచింది.

పత్రిక వెతికిచ్చిన లైబ్రేరియన్ సత్యంగారికి, నవ్వినా గడువిచ్చిన సోమన్నకు, సున్నం వేసిన రమణక్కకు నా దండాలు.