నడవని నాలుగు మైళ్లు

నిన్న నాకేం జరిగిందో చెప్తాను, నవ్వుకోండి. ఎలాగూ మిల్లంతా నవ్వేసింది, మీరు మాత్రం ఎందుకు మానాలి.

పదకొండు గంటలప్పుడు క్రేను కింద నిలబడి రెండు చేతులూ పైకెత్తాను. మా మిల్లు మోతలో మాట వినబడదు. కింద ఉన్నవాడు చేతులతో చెప్పాలి, పైన కేబిన్లో కూర్చున్నవాడు చూసి నడపాలి. రెండు చేతులూ ఎత్తితే ఆపమని అర్థం. నేను ఎత్తాను. క్రేను ఆగింది. నా పేంటు ఆగలేదు. నడుం మీదనుంచి జారి మోకాళ్ల దగ్గర కూర్చుంది.

ఒళ్లు తగ్గి పేంటు వదులైతే ఎవడైనా సంతోషిస్తాడు. నాకు ఏడుపొచ్చింది. ఎందుకంటే పైన కేబిన్లోంచి అది చూసినవాడు మా తోడల్లుడు సూర్రావు. వాడు కూర్చున్న కుర్చీ నాది. పధ్నాలుగేళ్లు నాది.

ఆ కుర్చీ సంగతి ముందు చెప్పాలి. నిలువు నిచ్చెన, ముప్పై ఎనిమిది ఇనప మెట్లు ఎక్కితే కేబిన్. ఎక్కామా, ఇంక కింద ఎవడు అరిచినా మనకి పట్టదు. ఫోర్మన్ నోరు తెరవడం కనబడుతుంది, మాట వినబడదు. పొద్దున్న ఇంట్లో మా ఆవిడ సత్యవతి పెట్టిన చీవాట్లు కూడా అంత ఎత్తుకి ఎక్కలేవు. శ్రీకాకుళం జిల్లానుంచి ఈ హిందీవాళ్ల ఊరికి వచ్చి, పారపనితో మొదలెట్టి, ఆ మెట్లు ఎక్కడానికి నాకు ఎనిమిదేళ్లు పట్టింది. ఎర్రగా కాలిన ఇనప దిమ్మని చంటిపిల్లని పడుకోబెట్టినట్టు దింపేవాణ్ణి. ఈ లోకంలో నాకు బాగా వచ్చిన పని అదొక్కటే.

కూర్చుని కూర్చుని ఒళ్లొచ్చింది. మెట్ల మధ్యలో ఆగి ఊపిరి పీల్చుకోవడం మొదలైంది. ఏడాదికోసారి జరిగే మెడికల్లో డాక్టరుగారు, బెంగాలీ ఆయన, నన్ను బరువు చూసే ముల్లు మీద నిలబెట్టి, బీపీ చూసి, కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు.

"సింహాచలం, సీఢీ పర్ సే గిరేగా తో నీచే కౌన్ పకడేగా?" అన్నాడు. నిచ్చెన మీంచి పడితే కింద పట్టుకునేదెవరని. నన్ను పట్టుకోగలిగినవాడు మిల్లులో లేడు, అది నిజమే.

మూడు నెలలు గడువిచ్చాడు. రోజూ పొద్దున్నే నాలుగు మైళ్లు నడవాలి, పది కిలోలు తగ్గాలి. తగ్గితే క్రేను. తగ్గకపోతే రిటైరయ్యేదాకా నేలమీదే. ఆ మూడు నెలలూ పొద్దెక్కాక మొదలయ్యే జనరల్ షిఫ్ట్‌లో ఇంకో క్రేను కింద నిలబడి సైగలు చెయ్యాలి. నా క్రేను మీద నా బదులు సూర్రావు, పొద్దున ఆరింటి షిఫ్ట్. సత్యవతి చెల్లెలి మొగుడు. మిల్లులో పెట్టించింది నేను, క్రేను నేర్పింది నేను.

ఇప్పుడు నడక సంగతి. పని లేకుండా నడవడం మా వంశంలో లేదు. మా నాన్న రోజుకి పన్నెండు మైళ్లు నడిచేవాడు, కానీ భుజం మీద కావిడో నెత్తిమీద గంపో ఉండేది. ఉత్త చేతులతో బయల్దేరి, ఎక్కడికీ కాకుండా వెళ్లి, అక్కడ ఏమీ చెయ్యకుండా తిరిగి రావడం ఏం పని? మంచం మీద పడుకున్నా చివరికి ఉండేది ఇంట్లోనే కదా.

అయినా తెల్ల కేన్వాస్ బూట్లు కొన్నాను. మొదటి రోజు గోల్‌మురిలో మా క్వార్టర్లోంచి తెల్లవారకుండానే రోడ్డెక్కాను. ఆ వేళకి మా రోడ్డునిండా ఆరింటి షిఫ్ట్‌కి పోయే సైకిళ్లు. నడిచేవాణ్ణి నేనొక్కణ్ణే. ముందొకడు ఆగాడు. "సైకిల్ చోరీ హో గయా క్యా?" అన్నాడు, సైకిల్ దొంగలెత్తుకెళ్లారా అని. ఒళ్లు తగ్గడానికి నడుస్తున్నానని నా నోటంట రాలేదు. అవునన్నాను. సాయంత్రానికి ఇద్దరు పరామర్శకి వచ్చారు. మూడోవాడు సెకండ్ హేండ్ సైకిల్ ఎక్కడుందో కనుక్కుని మరీ వచ్చాడు. సత్యవతి పరుగున వెళ్లి వరండాలో ఉన్న మా సైకిల్ మీద దుప్పటి కప్పింది. దాన్ని మళ్లీ "దొరికింది" అనిపించి బయటికి తీసేసరికి వారం పట్టింది.

వాళ్లు వెళ్లాక సత్యవతి అంది, "ఒల్లు తగ్గడానికని సెప్పుకోడానికేటి సిగ్గు?"

"ఆఫీసర్లయితే సెప్పుకోవచ్చు. మనం సెప్తే, తిని కూకుని బలిసేడంటారు."

"అయితే పాల కేను ఒట్టుకెల్లు. బాలుబాసా కాడ ఖటాల్లో ఎదురుగా పితికి పోత్తారంట. ఎవులడిగినా పాలకని సెప్పు. నువ్వు నడిసేవని నాకూ గురుతుంటాది."

మంచి ఆలోచన. ఖటాలంటే మా ఊళ్లో గేదెల శాల. ఇంటికి సరిగ్గా రెండు మైళ్లు, రానూపోనూ నాలుగు. కేను నిండుగా వస్తే నడిచినట్టు, ఖాళీగా వస్తే లేనట్టు. ఇంతకంటే గట్టి సాక్ష్యం ఏముంటుంది?

మర్నాడు కేను పట్టుకుని అరమైలు నడిచానో లేదో, వెనకాల స్కూటర్ ఆగింది. గోవింద్‌పూర్లో ఉంటాడు సూర్రావు, షిఫ్ట్‌కి మా రోడ్డునే పోవాలి.

"ఏటన్నియ్యా, నడిసెల్తన్నావు? ఎక్కు."

మా ఊళ్లో తెలిసినవాడు నడుస్తుంటే బండి ఆపకుండా పోవడం తప్పు. ఆపిన బండి ఎక్కకపోవడం ఇంకా పెద్ద తప్పు. "నా బండి పనికిరాలేదా" అని ఆర్నెల్లు మాటలుండవు. అందులోనూ చుట్టం. ఈ ఒక్క రోజుకే కదా అని ఎక్కాను. రెండో రోజు కూడా ఒక్క రోజుకే ఎక్కాను. నాలుగో రోజు స్కూటర్ చప్పుడు వినగానే నా చెయ్యి దానంతటది పైకి లేచింది. ఆరో రోజు వాడు రెండు నిమిషాలు ఆలస్యంగా వస్తే నాకు కోపం వచ్చింది.

ఇక్కడో మాట దాచకుండా చెప్పాలి. రెండో వారంలో వాడే అడిగాడు. "అన్నియ్యా, నిన్ను డాకటరు నడవమన్నాడంట కదా, వదిన సెప్పింది. ఇక్కడే దించీనా?"

"నీకెందుకురా, పోనియ్యి" అన్నాను. పోనిచ్చాడు. ఆ తరవాత ఎప్పుడూ అడగలేదు.

స్కూటర్ మీద ఖటాల్‌కి అయిదు నిమిషాలు. నడిస్తే ముప్పావుగంట. అంత తొందరగా ఇంటికెళ్తే సత్యవతికి అనుమానం రాదూ? అందుకని మిగిలిన టైమంతా అక్కడే నులకమంచం మీద కూర్చోవాల్సొచ్చేది. ఖటాల్ యజమాని రామ్‌ఖెలావన్ మర్యాదస్తుడు. కూర్చున్నవాడికి ఏమీ ఇవ్వకుండా ఉండలేడు. ఒక గ్లాసు వేడిపాలు, మీద వేలు మందాన మీగడ. వద్దంటే నొచ్చుకునేవాడు. నెల తిరిగేసరికి అది రెండు గ్లాసులైంది. వెనక్కొచ్చేటప్పుడు నైట్ షిఫ్ట్ దిగి గోల్‌మురి వైపు వచ్చేవాళ్లు ఎవరో ఒకరు సైకిల్ కేరియర్ మీద ఎక్కించుకునేవారు. మా సందు మొదట్లో కుళాయి దగ్గర దిగి, మెడమీదా చంకల్లోనూ రెండు దోసిళ్లు నీళ్లు చల్లుకుని ఇంట్లోకి వెళ్లేవాణ్ణి.

సత్యవతి ఆ తడి చూసి విసనకర్ర తెచ్చి విసిరేది. "ఎంత సెమటట్టిందో" అనేది. నాకోసం నాలుగింటికే లేచి రాగంబలి కాచేది. రాత్రిపూట నా కంచంలో రెండు పుల్కాలే ఉంటే తనకి ముద్ద దిగడం లేదని, తనూ అన్నం మానేసి రెండు పుల్కాలే తినేది. మూడు నెలల్లో తను సగమైంది. గాజులు మోచేతిదాకా జారేవి. అదంతా చూస్తూ కూర్చున్నాను నేను. అప్పుడు సిగ్గెయ్యలేదు, అది ఇప్పుడేస్తోంది.

నా పేంటు బిగుతవుతోందంటే, ఉతికితే బట్ట ముడుచుకుపోతుందని చెప్పాను. నమ్మింది. కుట్లు విప్పి వదులు చేసింది. ఆ వదులు చేసిన పేంటే నిన్న జారింది.

మెడికల్ రోజు వచ్చింది. ఆ రోజు మాత్రం ఏమైనా సరే నడవాలని ఒట్టు పెట్టుకున్నాను. మూడు నెలల నడక ఒక్క పూటలో నడిచేద్దామని. సూర్రావు స్కూటర్ వెళ్లిపోయేదాకా ఇంట్లోనే ఆగి, ఆస్పత్రికి బయల్దేరాను. నిజంగానే ఓ మైలు నడిచాను. చెమట కూడా పట్టింది, కుళాయిది కాదు, నాదే. అంతలో పక్కనే కారు ఆగింది. చూస్తే డాక్టరుగారు.

"మేరే పాస్ హీ ఆ రహా హై నా? బైఠో."

నా దగ్గరికే కదా, కూర్చోమన్నాడు. సూర్రావు స్కూటర్‌కే కాదనలేనివాణ్ణి, డాక్టరు కారు కాదంటానా? ముందు సీట్లో ఒదిగి కూర్చున్నాను.

"రోజ్ చల్తా హై?" అని అడిగాడు. రోజూ నడుస్తున్నావా అని.

"రోజ్ సాబ్. చార్ మైల్" అన్నాను. బాగుందని నా భుజం తట్టాడు. ఆ తట్టడం నాకు ఎంత బాగుందంటే, నిజంగా నడిచినట్టే అనిపించింది.

ముందు రైలు గేటు పడింది. కారు ఆగింది. పక్కన పాల బిందెలు కట్టిన సైకిల్ వచ్చి ఆగింది. రామ్‌ఖెలావన్. నన్ను చూడగానే వాడి మొహం వికసించింది. కిటికీలోకి వంగాడు.

"అరే బాబూ, ఆజ్ స్కూటర్ నహీఁ, మోటర్? ఆప్‌కా దో గిలాస్ దూధ్ రఖా హై, మలాయీ డాల్‌కే."

ఈరోజు స్కూటర్ కాదా, కారా అని, మీగడ వేసి నా రెండు గ్లాసులూ ఉంచానని. పాపం, ప్రేమగానే చెప్పాడు. గూడ్సు బండి ఎంత పొడుగుందో ఆ రోజు తెలిసింది నాకు. డాక్టరు మెల్లిగా తలవంచి నా కాళ్ల వంక చూశాడు. మూడు నెలల కిందట కొన్న కేన్వాస్ బూట్లు అంచులైనా మాయకుండా తళతళలాడుతున్నాయి.

"జూతా తో ఏక్‌దమ్ నయా హై" అన్నాడు. బూట్లు కొత్తగా ఉన్నాయని, అంతే.

ముల్లు మూడు కిలోలు ఎక్కువ చూపించింది. మెట్లెక్కడానికి పనికిరాడని రాసి సంతకం పెట్టాడు. తిట్టినా బాగుండేది.

ఇంటికెళ్లి సత్యవతికి మొత్తం చెప్పాను. అరుస్తుందనుకున్నాను. "నేను విసిరేదాన్ని కదా" అంది. మూలనున్న విసనకర్ర తీసి అటక మీద పడేసింది.

ఆ సాయంత్రం సూర్రావు వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. "ఆ కుర్సీ నాకొద్దని సెప్పేత్తానన్నియ్యా" అన్నాడు.

"అలా ఎవడైనా అంటాడేట్రా?" అన్నాను. నేను కోరుకున్నది వాడు రెండోసారి అనాలని. వాడు అనలేదు. తప్పేముంది? ఆ ముప్పై ఎనిమిది మెట్లు ఎక్కినవాడెవడూ తనంతట తను దిగడు, నాకు తెలియదా?

అక్కణ్ణించి నన్నూ ఆరింటి షిఫ్ట్‌లోనే వేశారు, సూర్రావు క్రేను కిందే. నేను నేర్పినవాడికి నేనే కిందనుంచి చేతులాడించాలి. అది చాలదన్నట్టు రోజూ పొద్దున్నే వాడు మా ఇంటిముందు స్కూటర్ ఆపి, "అన్నియ్యా, ఎక్కు" అనడం. సైకిల్ మీద బయల్దేరితే పక్కనే మెల్లిగా నడుపుతూ కబుర్లు. వాడు చెడ్డవాడైతే తిట్టుకుని హాయిగా ఉండేవాణ్ణి. మంచివాడు, అదే నా ఖర్మ. ఆ మొహం చూడలేక రైలుపట్టాల వెంట కాలిబాట పట్టాను. అటు సైకిల్ పోదు, స్కూటర్ పోదు. మిల్లుకి మూడు మైళ్లు, తిరిగి మూడు మైళ్లు. ఎండా వానా చూడకుండా, అయిదు నెలలు.

అలా నిన్నటికి వచ్చాం. పేంటు జారింది, అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. సూర్రావు నవ్వలేదు. పైన కేబిన్లో మొహం అటు తిప్పుకుని, నేను పేంటు పైకి లాక్కునేదాకా కొక్కెం వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆ మర్యాద నా ఒళ్లు మండించింది. షిఫ్ట్ దిగాక గేటు దగ్గర స్కూటర్‌తో నిలబడ్డాడు.

"ఎక్కన్నియ్యా, బజార్లో బెల్టు కొందాం."

పేంటుకి గోనెతాడు కట్టుకుని, వినబడనట్టు పట్టాల దారిలో వచ్చేశాను. దారిలో ఆస్పత్రి ఉంటే లోపలికెళ్లి ముల్లెక్కాను. ఆ రోజు డాక్టరు అడిగిన బరువుకన్నా ఒక కిలో తక్కువే ఉన్నాను. డాక్టరుగారు కళ్లజోడు తీసి, నా అరిగిపోయిన బూట్లు చూసి, చెయ్యి కలిపాడు. మరి క్రేనో, అన్నాను. ఆ చోటు నిండిపోయింది కదా అన్నాడు. నిజమే, నిండిపోయింది, నింపినవాడు నా మరదలి మొగుడు.

వచ్చేస్తుంటే అడిగాడు, అప్పుడు నాలుగు మైళ్లకి రాని ఉత్సాహం ఇప్పుడు ఆరు మైళ్లకి ఎక్కణ్ణించి వచ్చిందని. ఆయనకి ఏదో చెప్పి తప్పించుకున్నాను. మీకు నిజం చెప్తాను. నడకకి మనసు రావడం లేదని ఎవరైనా అంటే బూట్లు కొనమనకండి, డాక్టరు దగ్గరికి పంపకండి. మొహం చూడలేని తోడల్లుడు ఒకడుంటే చాలు. వాడు మంచివాడైతే ఇంకా తొందరగా తగ్గుతారు.