ఆయుధ పూజలో రౌటరు

ఆయుధ పూజ రోజు సాయంత్రం నాలుగింటికి నాకు ఇంటర్వ్యూ. ఉద్యోగం ఊడి ఏడాది దాటాక, ఆఖరి మెట్టుదాకా వచ్చిన మొదటి ఇంటర్వ్యూ అది. అడిగేవాళ్ళు లండన్‌లో ఉంటారు, వాళ్ళకి మన పండగతో పనిలేదు. పొద్దున్నుంచీ గది తలుపేసుకుని బీరువా అద్దానికి నా గొప్పలు నేనే చెప్పుకుంటున్నాను. భోజనాల వేళకి ఓసారి అన్నీ సరిచూసుకుందామని లాప్‌టాప్ తెరిస్తే మా వైఫై పేరే కనబడలేదు. దాని బదులు అక్షరాలూ అంకెలూ కలగలిసిన ముక్కూమొహం తెలియని పేరొకటి, పక్కన తాళం బొమ్మ.

ఉద్యోగం పోతే మనిషికి పని తగ్గుతుందనుకునేవాళ్ళు ఒక్క నెల మా ఇంట్లో ఉండి చూడాలి. క్యాన్ నీళ్ళవాడు బెల్లు కొడితే నేను. కొరియర్ వస్తే నేను. మేడమీద ట్యాంకు నిండిందో లేదో చూడాలంటే నేను. "నువ్వు ఇంట్లోనే ఉంటావుగా" అంటాడు మా ఆయన, షోళింగనల్లూరు వెళ్ళే ఆఫీసు క్యాబ్ ఎక్కుతూ. అందులో దురుద్దేశం ఏమీ ఉండదు, అదే నాకింకా ఒళ్ళుమంట. తెనాలి నుంచి మా అమ్మ ఫోన్‌లో అదే మాట. కింద వాటా ఆవిడ అదే మాట. ఇంట్లోనే ఉండి రోజంతా ఏం చేస్తున్నావని మాత్రం ఒక్కరూ అడగరు. కంపెనీలకి అర్జీలు పెట్టుకుంటాను, జవాబు రాకపోతే సిగ్గు విడిచి మళ్ళీ రాస్తాను, నాకంటే చిన్నవాళ్ళు అడిగే ప్రశ్నలకి పళ్ళికిలిస్తూ జవాబులు చెబుతాను. ఇది లెక్కలోకి రాదు.

హాల్లోకి వచ్చాను. మాది పెరంబూరులో, రైలు పెట్టెలు చేసే కోచ్ ఫ్యాక్టరీకి దగ్గర్లో, కిటికీలోంచి రైలు పట్టాలు కనబడే ఇల్లు. మామగారు ఆ ఫ్యాక్టరీలోనే పనిచేశారు, ఇప్పుడు లేరు. అత్తగారి వాళ్ళు ఈ ఊళ్ళో ఎన్ని తరాలుగా ఉన్నారో ఆవిడకే తెలియదు. ఆవిడ తెలుగులో పావు వంతు తమిళం ఉంటుంది. నా తెలుగు ఆవిడకి రేడియో వార్తల్లా వినబడుతుందట.

టీవీ బల్ల మీద పూజ అప్పటికే అయిపోయింది. మామగారి స్పానర్లు, సుత్తి, కత్తిపీట, కత్తెర, మా ఆయన స్కూటర్ తాళంచెవి, అన్నిటికీ చందనం, కుంకుమ. ముందర పళ్ళెంలో బొరుగులు, పుట్నాలు, బెల్లం. వాటి మధ్య, రోజూ ఉండే చోటే, మా రౌటరు. మిగతావాటికంటే దానికే పెద్ద బొట్టు. రెండు యాంటెన్నాల నడుమ ఒక పసుపు చామంతి. పువ్వు కింద ఎర్రలైటు వెలుగుతోంది.

"అత్తయ్యా, దీన్ని తుడిచేటప్పుడు ఏమైనా నొక్కారా?"

"నేనేం నొక్కినా? గుడ్డతో తుడిచినా, అంతే" అన్నారు ఆవిడ వంటింట్లోంచి. కాసేపాగి, "ఎనకాల చిన్న బొక్క ఉండాది గదా, దాంట్లో దుమ్ము. పొరకపుల్ల బెట్టి బాగా అదిమి తీసినా" అన్నారు.

పొరకపుల్ల అంటే చీపురుపుల్ల. ఆవిడ పెళ్ళయిన కొత్తలో ఆయుధ పూజకి ఇంటివాళ్ళని ఫ్యాక్టరీ లోపలికి రానిచ్చేవారట. మామగారు చీపురుపుల్ల పట్టుకుని తన మిషన్‌లో ఉన్న ప్రతి సందూ, ప్రతి బొక్కా శుభ్రం చేసి, దాని ముందు కొత్త పెళ్ళాన్ని నిలబెట్టి చూపించారట. పైపైన తుడిచేది తుడవడమే కాదని ఆయన అనేవారట. అప్పటినుంచీ మా అత్తగారికి మిషన్ అంటే బొక్కలు, బొక్కలంటే పుల్ల.

రౌటరు వెనకున్న ఆ బొక్క దుమ్ము కోసం పెట్టింది కాదు. దానికి ఎప్పుడైనా తిక్క పుడితే, నేర్చుకున్నదంతా మరిచిపోయి తయారైన రోజుకి వెళ్ళిపోవడానికి ఒక మీట లోపల ఉంటుంది. పిన్నుతో కాసేపు అదిమి పట్టుకోవాలి. అత్తగారు పుల్లతో తీరిగ్గా, భక్తిగా అదిమి పట్టుకున్నారు. మా వైఫై పేరు, పాస్‌వర్డు, లైను వివరాలు అన్నీ తుడిచిపెట్టుకుపోయాయి.

అయినా అది పది నిమిషాల పని, నాకు తెలుసు. లాప్‌టాప్‌కి వైరు తగిలించి, ఒకటి తొమ్మిది రెండుతో మొదలయ్యే ఆ అంకెల చిరునామా కొడితే రౌటరు సెట్టింగుల పేజీ వస్తుంది. లోపలికి వెళ్ళి మా లైను పేరూ దాని పాస్‌వర్డూ రాస్తే చాలు. అవి నా ఫోన్‌లో భద్రంగా ఉన్నాయి. ఎటొచ్చీ ఆ పేజీలోకి వెళ్ళడానికి వేరే పాస్‌వర్డు కావాలి, అది రౌటరు వెనక అంటించిన కాగితం మీద ఉంటుంది. రౌటరు తీసి తిప్పాను. వెనక కూడా చందనమే. సరిగ్గా ఆ కాగితం మీద, మందంగా, ఆరిపోయి.

"ముట్టద్దమ్మణ్ణీ!" అత్తగారు పరిగెత్తుకొచ్చారు. "పూజలో బెట్టిన పనిముట్టును రేపు పొద్దునదాకా కదిలించకూడదు. దానికి ఈరోజు రెస్టు."

"ఇదేం పనిముట్టు అత్తయ్యా? ప్లాస్టిక్ డబ్బా!"

తడిగుడ్డ తెచ్చి గరగరా రుద్దాను. చందనం వచ్చేసింది. దాంతోపాటే అక్షరాలూ వచ్చేశాయి. గోరుచుట్టు మీద రోకలిపోటు అంటారే, అలా అయింది. ఆవిడది ఆచారం, నాది తొందర, ఇద్దరం కలిసి ఆ కాగితాన్ని తెల్లగా చేసి పెట్టాం.

సెట్టింగుల పేజీ అయితే వచ్చింది. పేరు, పాస్‌వర్డు అంటూ రెండు ఖాళీ గళ్ళు. పాత రౌటర్లకి రెండిట్లోనూ అడ్మిన్ అని కొడితే లోపలికి రానిచ్చేవి. కొట్టాను. తప్పంది. అంకెలు వరసగా కొట్టాను. తప్పంది. పాస్‌వర్డు అనే మాటనే పాస్‌వర్డుగా కొట్టాను. ఈసారి తప్పని కూడా అనలేదు, చాలాసార్లు ప్రయత్నించారు, కొంతసేపాగి రండి అంది. ఏడాదిగా కంపెనీలన్నీ నాతో అంటున్న మాట ఇప్పుడు మా ఇంటి డబ్బా కూడా అంది.

కాలుగాలిన పిల్లిలా తిరిగాను. మా ఇంట్లో ఫోన్ సిగ్నల్ బాల్కనీలో ఒక మూల మాత్రమే వస్తుంది, అదీ మాట మధ్యలో తెగుతుంది, దాన్ని నమ్ముకుని ఇంటర్వ్యూకి కూర్చోలేను. పక్కింటివాళ్ళూ, కింద వాటావాళ్ళూ వరస సెలవులని ఊరెళ్ళారు. వీధి చివర నెట్ సెంటర్ షట్టరుకి అరటి పిలక కట్టి తాళం వేశారు. ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చేస్తే సెలవుల తర్వాత మనిషిని పంపుతామంది రికార్డు చేసిన గొంతు. మా ఆయనకి ఆ రోజు కూడా షిఫ్టే. "అడ్మిన్ అడ్మిన్ కొట్టి చూశావా?" అన్నాడు. ఫోన్ పెట్టేశాను. కింద వీధిలో ఎవరో లారీ ముందు గుమ్మడికాయ పగలగొట్టారు, ఆ చప్పుడికి ఉలిక్కిపడ్డాను.

లోపలికి వస్తే అత్తగారు రౌటరు మీద చామంతి సర్దుతున్నారు. అంతే, నా నోరు నా చేతుల్లో లేదు.

"ఎందుకత్తయ్యా దీనికి పూజ? ఎవరి పనిముట్టని పూజ? కత్తిపీట మీది, స్పానర్లు మామగారివి, బండి మీ అబ్బాయిది. నాకు పనే లేదు, ఇంక పనిముట్టు ఎక్కడిది? ఉన్న ఒక్క దారీ మూసేసి దాని మీద పువ్వు పెట్టారు!"

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకున్నారు. నొచ్చుకున్నారనుకున్నాను. నొచ్చుకోలేదు, కోప్పడ్డారు.

"పని లేదని ఎవురు జెప్పినారు? పొద్దున లేస్తే ఈ డబ్బా ముందరే గదా కూచోనుండావు. రాసేది, వాళ్ళతో మాట్లాడేది, అన్నీ అయినాక అప్పరం లోపల పోయి ఏడ్చేది. నాకు తెలీదనుకున్నావా? పని యెతుక్కునేది పని గాదా? నీ మామకు ఫ్యాక్టరీలో పని దొరికే ముందర రెండేండ్లు యెతికినాడు, ఆ రెండేండ్లూ ఇంటికొచ్చినప్పుడు కాళ్ళు వాచుండేవంట, మా అత్త జెప్పేది. పని జేసినోని కంటే ఎక్కువ వాచుండేవంట." ఆయాసంతో ఆగారు. "ప్రతి ఏడూ పూజలో నీది ఒకటీ లేకపోతే నాకు బాగలేదు. అందుకే ఈసారి ముందర దీనికే బొట్టు బెట్టినా."

నేను అక్కడే సోఫాలో కూలబడ్డాను. ఏడుపొచ్చింది. ఇంటర్వ్యూకి మొహం ఉబ్బితే బాగుండదన్న ఆలోచన కూడా దాని వెనకే వచ్చింది, నేనంతే.

"ఇప్పుడేం గావాల నీకు?" అన్నారు ఆవిడ.

"దాని వెనక రాసుంది కదా, అదే కావాలి. చెరిగిపోయింది."

ఆవిడ జాకెట్లోంచి ఫోన్ తీశారు. మా అత్తగారు ఫోటో తియ్యని వస్తువు మా ఇంట్లో లేదు. ఇడ్లీ దించితే ఫోటో, ముగ్గేస్తే ఫోటో, మైలాపూరులో ఉండే వాళ్ళ అక్కకి అన్నీ వెళ్ళాలి. ఈ పిచ్చి మీద నేను వేసిన జోకులకి అంతులేదు. ఆ పొద్దున కూడా సామానంతా శుభ్రం చేసి, పేపరు మీద ఆరబెట్టి, బొట్లు పెట్టకముందు ఫోటో తీశారు. అందులో స్పానర్ల పక్కన మా రౌటరు వైర్లతో సహా బోర్లా పడుకుని ఉంది. వీపు మీద కాగితం, కాగితం మీద అక్షరాలు.

పెద్దది చేసి చూశాం. ఒక అక్షరం దగ్గర ఇద్దరికీ పేచీ వచ్చింది. అది ఎనిమిది అని నేను, బీ అని ఆవిడ. పేజీ మళ్ళీ తెరుచుకునేదాకా ఆగాల్సొచ్చింది, నేను ఆగలేక గోళ్ళు కొరుక్కున్నాను. ఇంకోసారి తప్పు కొడితే ఇంకా ఎక్కువసేపు ఆపుతుందేమోనని భయం. తీరా కొట్టబోతుంటే పూజలో పెట్టిన దాంతో పని చేయించవచ్చా అని నాకే అనుమానమొచ్చింది. అంత అరిచిన నోటితోనే అడిగాను.

అత్తగారు కిటికీ వైపు చూపించారు. లోకల్ రైలు పోతోంది. డ్రైవరు అద్దానికి రెండు పక్కలా అరటి పిలకలు, బంతిపూల దండ. "దానికి పూజ జెయ్యలేదా? నిలిపేసినారా? జనం పోవాల గదా, పోతావుండాది. పువ్వు మటుకు తియ్యద్దు."

ఆవిడ మాట ప్రకారం బీ కొట్టాను. రౌటరు లోపలికి రానిచ్చింది. లైను పేరు రాశాను, దాని పాస్‌వర్డు రాశాను, మా పాత వైఫై పేరు మళ్ళీ పెట్టాను. ఒక్కో గడీ రెండేసిసార్లు చూసుకున్నాను. కాసేపటికి చామంతి కింద లైటు ఎరుపు నుంచి పచ్చకి మారింది. "ఆ, ఇప్పుడు మొహం కడుక్కో" అన్నారు అత్తగారు.

ఇంటర్వ్యూ జరిగినంతసేపూ ఆవిడ టీవీ బల్ల పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు, ఎవరూ ఆ డబ్బా జోలికి రాకుండా. ఇంట్లో ఇంకెవరూ లేరు. అయినా కూర్చున్నారు.

మర్నాడు విజయదశమి. పూజలో పెట్టిన పనిముట్లు తీసి, కొంచెమైనా పని మొదలుపెట్టాల్సిన రోజు. నిద్ర లేవగానే ఫోన్ చూసుకున్నాను. లండన్ వాళ్ళు మర్యాదగానే రాశారు. నాతో మాట్లాడటం చాలా సంతోషమట, ఉద్యోగానికి మాత్రం వేరే మనిషిని తీసుకున్నారట. ఒకసారి చదివాను, మళ్ళీ చదివాను, అందులో ఇంకో అర్థం ఏమీ దొరకలేదు.

హాల్లో అప్పటికే పనులు మొదలయ్యాయి. మా ఆయన కిందికి వెళ్ళి స్కూటర్ స్టార్ట్ చేసి, ఒక చుట్టు తిరిగొచ్చి, పేపరు చదువుతున్నాడు. అత్తగారు కత్తిపీట ముందు కూర్చుని దోసకాయ తరుగుతున్నారు.

"రాలేదత్తయ్యా" అన్నాను.

ఆవిడ కత్తిపీట వంచి, చేతులు కడుక్కొచ్చారు. అయ్యో అంటారనుకున్నాను. అనలేదు. నా లాప్‌టాప్ తెచ్చి బల్ల మీద పెట్టి, పక్కన గిన్నెలో కాసిని బొరుగులు పోశారు.

"ఈ దినం పనిముట్టును సుమ్మా ఊరికే పెట్టకూడదు. కూచో, మొదలుబెట్టు."

కూర్చున్నాను. నాలుగు బొరుగులు నోట్లో వేసుకున్నాను. తర్వాత ఇంకో కంపెనీ పేజీ తెరిచి నా పేరు రాయడం మొదలుపెట్టాను. సగంలో ఉండగా వీధి తలుపు బెల్లు మోగింది. క్యాన్ నీళ్ళవాడు.

మా ఆయన పేపర్లోంచి తలెత్తకుండా, "నువ్వు చూస్తావా?" అన్నాడు. అలవాటుగా నేను లేవబోయాను.

"నువ్వు కూచో" అన్నారు అత్తగారు నాతో. తర్వాత కొడుకు వైపు తిరిగారు.

"ఆమె పనిలో ఉండాది. నువ్వు పోయి తీసుకో."