మొదటి యూనిట్ మేడమ్

మా పై అంతస్తులో ఉండే మేడమ్ గత నెలలో ఒక బుధవారం పోయారు. నేను ఏడో తరగతిలో పాఠం చెబుతుండగా ఆఫీసు నుంచి ఆయా వచ్చి, తలుపు దగ్గరే నిలబడి, "మీ మేడమ్..." అని ఆగిపోయింది. నేను స్టాఫ్‌రూముకు వెళ్ళేసరికి ఆవిడ తన కుర్చీలోనే ఉన్నారు. ముందు తొమ్మిదో తరగతి పరీక్ష పేపర్లు, కొన్ని దిద్దినవి, చాలావరకు దిద్దనివి. అంబులెన్సు వచ్చింది. వచ్చినవాళ్ళు లోపల కాసేపు చూశాక ఇక తొందరపడలేదు. దాంతో నాకు అర్థమైంది.

ఆవిడది కరీంనగర్. ఇరవై ఏళ్ళకు పైగా దోహాలో పిల్లలకు ఇంగ్లీషు చెప్పారు. భర్త ఒక నిర్మాణ కంపెనీలో సూపర్‌వైజరు; ఆయన్ని మేమంతా సార్ అంటాం. నాది కాకినాడ. పెళ్ళయి దోహా వచ్చి, ఉమ్ ఘువైలినా ప్రాంతంలోని ఈ ఫ్లాటులో దిగిన కొత్తలో, లిఫ్టు పాడై మెట్లెక్కుతుంటే ఆవిడ పరిచయమయ్యారు. ఎం.ఏ. ఇంగ్లీషు చదివానని చెప్పగానే రెండు చేతుల్లోని సంచులూ మెట్టు మీద పెట్టేశారు.

"మరి అమెరికన్ లిటరేచర్ పేపర్ల మొదటి యూనిట్ చదివినవా బిడ్డా?"

"లేదండీ. చాయిస్‌లో వదిలేశాను. అక్కణ్ణుంచి ప్రశ్న రాదన్నారు."

"అందరు గట్లనే ఇడిసిపెడ్తరు," అన్నారు. కోపంగా కాదు, అలసటగా. "నేను పద్దెనిమిదేండ్ల సంది దాంట్లనే ఉన్న."

ఆ మొదటి యూనిట్ అమెరికా తొలినాళ్ళ కవిత్వం. ఇంగ్లాండు నుంచి ఓడల్లో వెళ్ళి ఆ తీరాన దిగినవాళ్ళు రాసుకున్న పద్యాలు. ప్రార్థనలు, చలికాలపు భయాలు, జ్వరాలకు పోయిన పిల్లల మీద ఏడుపులు. ఎక్కువ భాగం చేతిరాతల్లోనే ఉండిపోయింది. సాహిత్య చరిత్రలు దాన్ని రెండు మూడు పేజీల్లో దాటేసి, అదంతా పాత దేశపు అనుకరణ, సొంత గొంతు ఇంకా రాలేదు అని ముగిస్తాయి. మేడమ్ పరిశోధన ఆ మాట మీదే. ఆవిడ గైడు అయితే, ఇది సాహిత్యం కాదు, చర్చి కాగితాలు, వేరే అంశం తెచ్చుకో అన్నాడట. ఆవిడ గైడునే వదులుకున్నారు కానీ అంశాన్ని వదల్లేదు.

వాళ్ళ వంటింట్లోనే నాకు ఆ పాఠం మొదలైంది. కళ్ళద్దాలకు నల్లదారం కట్టి మెళ్ళో వేసుకునేవారు. టీ పెట్టుకుని, కప్పు మీద సాసరు మూసి, మాటల్లో పడి మరిచిపోయి, చల్లారాక తాగేవారు. వేడి చేసిస్తానంటే వద్దనేవారు. కుట్టు విప్పే ఓపిక ఉన్నవాళ్ళలా ఒక్కొక్క పంక్తినీ విప్పేవారు. ఆ కవుల్లో ఒకరు తమ ఊరి పిట్ట గురించి రాశారనుకోండి, ఆ పిట్ట ఈ కొత్త తీరంలో లేనే లేదని చూపించేవారు.

"అనుకరణ అంటరు. కొత్త నేల మీద దిగిన మనిషికి పాత మాటలే ఉంటయి. వేరేటియి యాడికెళ్ళి తెస్తడు?"

ఇంకోసారి నేను, అమెరికన్ కవిత్వం ఆ ఓడలతో మొదలైందన్నమాట అన్నాను. ఆవిడ పప్పులోంచి ఒక రాయి ఏరి పక్కన పెట్టారు. "ఓడలు రాకముందు గూడ ఆడ మనుషులున్నరు బిడ్డా. వాళ్ళకు పాటలున్నయి. మొదటి పేజీ వాళ్ళది. అది చింపేసి రెండో పేజీకి ఒకటి అని నంబరేసిండ్రు." ఆ తర్వాత ఆఫ్రికా నుంచి మనుషుల్ని సంకెళ్ళతో తెచ్చి దింపిన ఓడల గురించి చెప్పారు.

నన్ను బడిలో చేర్చింది ఆవిడే. ఇంటర్వ్యూకి ముందు మూడు వారాలు రోజూ నాతో పాఠం చెప్పించుకుని, వెనక బెంచీ పిల్లలా అడ్డు ప్రశ్నలు వేశారు.

శుక్రవారాలు మేడమ్, సార్ బర్వా అల్ బరాహాకు వెళ్ళేవారు. అది పనివాళ్ళ క్యాంప్. సార్ దగ్గర పనిచేసేవాళ్ళకు మేడమ్ రెండు గంటలు ఇంగ్లీషు మాట్లాడటం నేర్పేవారు. ఒకసారి నేనూ వెళ్ళాను. క్లాసయ్యాక ఒక మేస్త్రి, జగిత్యాల వైపు మనిషి, బట్టలు ఆరేస్తూ ఏదో కూనిరాగం తీస్తున్నాడు. రెండు నెలల కిందట గదిలోనే నిద్రలో పోయిన తోటి పనివాడి మీద కట్టుకున్న పాట. అందులో వాన ఉంది, తడిసిన వరిగడ్డి ఉంది, గట్టు మీద మోదుగుపూలు ఉన్నాయి. కిటికీ బయట సిమెంటు, దుమ్ము తప్ప ఏమీ లేవు. మేడమ్ చేతిలో సుద్దముక్క అలాగే ఉండిపోయింది.

"అన్నా, ఇంకొకసారి పాడవా? రాసుకుంట."

అతను సిగ్గుపడ్డాడు. "ఏదో పని చేస్తుంటె వస్తది మేడం. పాడుమంటె రాదు."

"సరే తియ్యి. వచ్చే శుక్రవారం రికార్డర్ తెస్త."

ఆ శుక్రవారం బడిలో పరీక్షల పని పడింది. ఆ పై వారం నా కూతురికి జ్వరమని ఆవిడ నాతో ఉండిపోయారు. అలా నాలుగు వారాలు జారిపోయాయి. రికార్డరు పట్టుకుని మేం వెళ్ళేసరికి అతని మంచం మీద వేరే మనిషి ఉన్నాడు.

"పోయిండు మేడం," అన్నాడు పక్క మంచం ఆయన. "పని మాఫీ, ఇగ లేదు పో అన్నరు. మొన్ననే ఫ్లైట్ ఎక్కిండు."

చాలా ప్రయత్నించాక ఊళ్ళో అతని నంబరు దొరికింది. ఫోను స్పీకర్లో పెట్టి మేడమ్ మాట్లాడారు. అతను మర్యాదగా క్షేమం అడిగాడు. మేడమ్ పాట మాట ఎత్తారు.

"యాదికొస్తలేదు మేడం. ఆ పాట ఆడ్నే పోయింది."

మేడమ్ ఫోను పెట్టేసి సోఫాలో కూర్చున్నారు. ఓదార్పుగా నేను ఏదో అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు.

"గొంతు రాలేదని రాసినోళ్ళ మీద ఇన్నేండ్లు కొట్లాడిన. గొంతు వచ్చి నా ముందట నిలవడితె, మల్లొచ్చే వారం అన్న. వాళ్ళకు నాకు ఏం ఫరకు?"

ఆ తర్వాత ఆవిడ పూర్తిగా తేరుకోలేదని నా అనుమానం. నవ్వేవారు, పాఠాలు చెప్పేవారు, కానీ ఏదో తరుముతున్నట్టుండేవారు. తన థీసిస్ ఆఖరి అధ్యాయం పక్కన పెట్టేసి, ఎవరైనా పాడతారని తెలిస్తే చాలు, పుస్తకం పట్టుకుని బయల్దేరేవారు. ఎవరు పాడారో, ఏ ఊరో, ఇక్కడ ఏం డ్యూటీ చేస్తాడో ముందు రాసేవారు, తర్వాతే పాట. కొందరు సినిమా పాట పాడేవారు, అదీ రాసుకునేవారు. "వద్దంటె రెండోది పాడడు," అనేవారు. ఆయాసం వస్తోందని రెండుసార్లు అన్నారు. డాక్టరు దగ్గరికి వెళ్దామంటే సెలవుల్లో చూద్దామన్నారు. నేను గట్టిగా పట్టుబట్టలేదు. ఈ మాట రాయడం నాకు కష్టంగా ఉంది, కానీ రాయకుండా ఉండలేను.

కాగితాలన్నీ పూర్తయి మేడమ్‌ను ఊరికి పంపేసరికి శుక్రవారం మధ్యాహ్నమైంది. మార్చురీ బయట సార్, మేము, బడి నుంచి నలుగురైదుగురు, క్యాంప్ నుంచి ఎనిమిది మంది. వాళ్ళు ఉతికిన చొక్కాలు వేసుకుని, తల దువ్వుకుని వచ్చి, గోడ వారగా నిలబడ్డారు. సార్ నా దగ్గరికి వచ్చి నెమ్మదిగా అడిగారు.

"ఇల్లంత కాగితాలే ఉన్నయమ్మా. ఏం జేద్దాం?"

చూద్దాం సార్ అన్నాను. అంటూనే ఆ మాట నాకే గుచ్చుకుంది. సార్ వ్యానులో డ్రైవరు పక్కన కూర్చున్నారు. వ్యాను వెళ్ళిపోయింది.

అందరూ కదులుతుండగా టాక్సీ ఒకటి వచ్చి ఆగింది. యాభై దాటిన మనిషి దిగాడు. నేనెప్పుడూ చూడలేదు. తలకు చుట్టిన తువ్వాలు, చెప్పుల నిండా ఇసుక.

"మేడం యాడుందమ్మా?"

"ఇప్పుడే తీసుకెళ్ళారండీ. మీరు?"

"అల్ షహానియాల ఒంటెల కాడ పనిజేస్త. మాది నిర్మల్. మా ముదీరు, మేనేజరు, ఇప్పుడు ఇడిసిండు. రెండుసార్లొచ్చింది మా కాడికి. ఒంటెల నడుమ డబ్బా మీద కూసున్నది. ఇంకో పాట ఉన్నదని చెప్పిన. ఈ శుక్రవారమే నాకు వీలైతది, రమ్మని చెప్పిన."

వ్యాను ఏ వైపు వెళ్ళిందని అడిగాడు. చూపించాను. ఆయన తువ్వాలు తీసి భుజం మీద వేసుకున్నాడు. చెప్పులు విడిచి పక్కన పెట్టాడు. రోడ్డు అంచుకు వెళ్ళి, వ్యాను వెళ్ళిన ఆ దారి వైపు తిరిగి, చేతులు జోడించి నిలబడ్డాడు. తారు కాలిపోతోంది. ఆయన పెదవులు కదులుతున్నాయి. కార్ల చప్పుడులో మాకేమీ వినబడలేదు.